మేస్త్రి కొన్న నునుపు స్క్రీను

కంపెనీ చేసిన అవమానాన్ని మేస్త్రి పద్నాలుగేళ్లుగా మోస్తున్నాడు. మోసీ మోసీ భుజం కాయలు కాచింది గాని, దించే ఉద్దేశం మాత్రం అతనికి లేదు.

కంపెనీ అంటే మేస్త్రి బావమరిది, భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. నోరు తెరిస్తే "మా కంపెనీలో అయితే" అని మొదలుపెడతాడు కాబట్టి చుట్టాలంతా అతన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. మూడు వందల మంది పనిచేసే ఆఫీసుకి కంప్యూటర్లు కొనిపెట్టడం అతని ఉద్యోగం. పద్నాలుగేళ్ల కిందట కొత్త ఇల్లు కొనుక్కుని, భోజనాల బల్ల చేసిపెట్టమని బావని అడిగాడు. మేస్త్రి నెల రోజులు ఇంకో పని ముట్టకుండా, ఒక్క మేకు కొట్టకుండా, చెక్కలో చెక్క బిగించి ఎనిమిది మంది కూర్చునే బల్ల చేశాడు. వచ్చిన చుట్టాలు బల్లని చేత్తో నిమిరి మెచ్చుకుంటుంటే కంపెనీ నవ్వుతూ, "మా బావ చదివింది ఆరో క్లాసే అయినా కాళ్లు మాత్రం లెక్క తప్పకుండా నాలుగూ పెట్టాడు" అన్నాడు. ఇల్లంతా నవ్వింది. అదొక ఎత్తు. మేస్త్రి భార్య కూడా నవ్వింది. అది ఇంకో ఎత్తు.

భార్య నవ్వుని ఆ సాయంత్రానికే క్షమించాడు. ఆమె మీద కోపం పట్టుకుని కూర్చోవడం అతనికి చేతకాని పనుల్లో ఒకటి. అలా మిగిలిపోయిన కోపాన్ని కూడా బావమరిది మీదకే తోశాడు.

ఆమెని అందరూ టేపక్క అంటారు. పెళ్లయిన కొత్తలో బట్టలు కుట్టేది. కొలత టేపు మెడలో వేసుకుని తిరగడం అప్పటి అలవాటు. మేస్త్రి అలమారాల కార్ఖానా పెట్టాక కుట్టు మిషను మూలన పడింది గాని మెడలో టేపు మాత్రం దిగలేదు. తొమ్మిదేళ్ల కిందట, పిల్ల పెళ్లయి వెళ్లిపోయాక, ఏం తోచక ఆరు వారాల క్లాసులో చేరి కంప్యూటర్లో వంటగదులు, అలమారాలు గీయడం నేర్చుకుంది. అంతకుముందు ఆ బొమ్మలు ఒక ఆఫీసు గీసి పంపేది. అక్కడ టై కట్టుకున్న మనిషి గీసిన బొమ్మలో ఫ్రిజ్ తలుపు గోడలోకి తెరుచుకునేది. అదేంటయ్యా అంటే, చదువుకోనివాళ్లకి బొమ్మ అర్థం కాదన్నట్టు చూసేవాడు. టేపక్క గీయడం మొదలుపెట్టాక ఒక్క అలమారా వెనక్కి రాలేదు. పైగా ఆమె కూర్చునే అద్దాల గది కార్ఖానా మూలనే ఉంది. చిత్రిక పడుతూ మేస్త్రి తల ఎత్తితే ఆమె కనిపిస్తుంది. ఈ రెండో సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. ఆమెకి అసలే చెప్పలేదు.

చిక్కంతా పాత ల్యాప్‌టాప్‌తో వచ్చింది. పళ్ల డాక్టరమ్మ కొత్త ఆసుపత్రి పెడుతోంది. లోపల అలమారాలన్నీ చేసే పని, ఆ ఏడాది పనులన్నిటికల్లా పెద్దది, వీళ్లకి రాబోతోంది. బొమ్మ చూపించడానికి ఇద్దరూ ఆవిడ ఇంటికి వెళ్లారు. గదిని తిప్పి చూపిద్దామని టేపక్క మౌసు కదిపింది. బొమ్మ సగం తిరిగి, తలకిందులుగా ఆగిపోయింది. డాక్టరమ్మ ఓసారి నీళ్లు తాగింది. ఇంకోసారి నీళ్లు తాగింది. గడియారం చూసుకుంది. "పరవాలేదు, నాకు ఇలా కూడా అర్థమవుతోంది" అని మెడ ఒక పక్కకి వంచి చూసింది. పని వీళ్లకే ఇచ్చింది, పాపం మంచావిడ. కానీ దారి పొడుగునా టేపక్క పాత ల్యాప్‌టాప్‌ని ఒళ్లో బోర్లించుకుని కూర్చుంది. ఇంటికొచ్చాక అంది.

"కొత్తదైనా కొనాలి, లేకపోతే బొమ్మలు మళ్లీ బయట ఇచ్చెయ్యాలి. అలా నలుగురి ముందు తల దించుకుని కూర్చోవడం నా వల్ల కాదండీ."

బయట ఇవ్వడం అనే మాట వినగానే మేస్త్రికి అద్దాల గది ఖాళీగా కనిపించింది. "కొందాం" అన్నాడు.

టేపక్క తమ్ముడిని అడిగింది. అతను ఆఫీసు కాగితం మీద గుండ్రంగా రాసి పంపాడు. ప్రాసెసర్ మధ్యరకం చాలు. గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉండాలి, కానీ చిన్నది చాలు. స్క్రీను పదహారు అంగుళాలు, రిజల్యూషన్ మామూలుది. ఆమె ఆ కాగితాన్ని అడుగు భాగం మడిచి గోడకి గుచ్చింది. ఎందుకు మడిచిందా అని మేస్త్రి విప్పి చూశాడు.

"అక్కా, బావని ఒంటరిగా షాపుకి పంపకు. పెద్ద నంబరు కనిపిస్తే ఆగడు."

మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. మధ్యరకం, చిన్నది, మామూలుది. అక్కకి రాయాల్సిన మాటలేనా ఇవి? తన ఆఫీసులో నెలకోసారి మారిపోయే గుమాస్తాలకి కొనే సరుకు, తోడబుట్టినదానికి చాలంటాడా? మర్నాడు పొద్దున్నే, తలుపు బందులు కొనుక్కొస్తానని చెప్పి ఒంటరిగా బయల్దేరాడు.

షాపులో కళ్లజోడు తాడుతో మెడకి వేలాడేసుకున్న పెద్దాయన ఎదురొచ్చాడు.

"ఏ పనికండీ?"

"అలమారాలు గీయడానికి."

"ఏ ప్రోగ్రాములో గీస్తారు?"

"గీసేది మా ఆవిడ. ఆమెకి తెలుసు."

"ఆవిడ రాలేదా మరి?"

"ఆమెకి తెలీకుండా తీసుకెళ్లాలి."

పెద్దాయన మెత్తబడ్డాడు. కొనేవాడి మొహంలో ప్రేమ కనిపిస్తే అమ్మేవాడు మెత్తబడటం సహజం. మూడు యంత్రాలు వరసగా పెట్టి మొదట ప్రాసెసర్ సంగతి చెప్పాడు. ఒకదాంట్లో ఎనిమిది కోర్లు, ఇంకోదాంట్లో పదహారు.

"కోరంటే?"

"పనివాళ్లనుకోండి. ఇందులో ఎనిమిది మంది, అందులో పదహారు మంది."

మేస్త్రి దగ్గర ఉన్నది నలుగురు. అందులో ఒకడు ఎప్పుడూ సెలవే. జీతం అడగని, టీకి లేవని పదహారు మంది అనగానే ఇంక వేరే ఆలోచన రాలేదు. "పదహారు" అన్నాడు.

"గ్రాఫిక్స్ కార్డుకి సొంత మెమరీ ఉంటుంది. బొమ్మని తిప్పేది అదే. నాలుగుది ఉంది, ఎనిమిదిది ఉంది, పన్నెండుది ఉంది."

"పన్నెండు."

"అది ఆటలాడేవాళ్లు, సినిమాలకి పనిచేసేవాళ్లు తీసుకుంటారండీ."

"మా ఆవిడ గీసిన వంటగది ఏ సినిమాకీ తీసిపోదు."

ఆఖరున స్క్రీను. పెద్దాయన చెప్పింది మేస్త్రికి ఇలా అర్థమైంది: స్క్రీనంతా చుక్కలు. మామూలుదాంట్లో అడ్డంగా వెయ్యిన్నీ తొమ్మిది వందల ఇరవై. ఈ ఖరీదైనదాంట్లో మూడు వేల ఎనిమిది వందల నలభై.

"చుక్కలు ఎక్కువైతే నునుపా?"

"నునుపేనండీ."

ఇంకేం, తనకి తెలిసిన విద్యే ఇది. గరుకు కాగితం ఎనభై నంబరుది పడితే చెక్క మీద గీతలు మిగులుతాయి. నూట ఇరవై పడితే తగ్గుతాయి. రెండు వందల ఇరవై పడితే చెయ్యి జారుతుంది. నాలుగు వందల నంబరు పట్టిన చెక్కని చంటిపిల్ల చెంపకి ఆనించవచ్చు. నంబరు పెరిగేకొద్దీ నునుపు, నునుపు పెరిగేకొద్దీ మర్యాద. ముప్పై ఏళ్లుగా వేళ్లతో నేర్చుకున్న ఈ సంగతి ఆరో క్లాసు మీద ఎన్ని క్లాసులు చదివితే వస్తుంది?

"ఇది పద్నాలుగు అంగుళాలేనండీ. ఇంత చిన్నదాంట్లో అన్ని చుక్కలంటే, కొన్ని పాత ప్రోగ్రాముల్లో అక్షరాలు కాస్త..." అని పెద్దాయన నసిగాడు. అప్పటికే మేస్త్రి లక్షా నలభై ఆరు వేల ఐదు వందలు తీసి బల్ల మీద పెట్టాడు. పెద్దాయన మంచివాడే. బల్ల మీదకి డబ్బొచ్చాక అదే మాట రెండోసారి చెప్పేంత మంచివాడు కాడు.

టేపక్క సంచీ చూసి, "బందులేవి?" అంది.

"ఇవే."

విప్పి చూసింది. మూత తెరిచి అంచుని వేలితో నిమిరింది. "పెళ్లప్పుడు కూడా ఇంత బరువైన వస్తువు పెట్టలేదు మీరు" అంది.

"తేలిక సరుకే. రెండు కేజీలు కూడా లేదు."

"నేను బరువన్నది దాన్ని కాదు" అంది. ఆమె కంటి చివర తడి చూసి మేస్త్రి, చిత్రిక మిషను బెల్టు చూడాలని గొణుక్కుంటూ బయటికి పోయాడు.

డాక్టరమ్మ గది బొంగరంలా తిరిగింది. పనివాళ్లు నలుగురూ, సెలవు పెట్టినవాడితో సహా, వచ్చి చూశారు. కొత్త యంత్రం వేడెక్కి హోరుమంటుంటే మేస్త్రికి అదీ గొప్పగానే అనిపించింది. లోపల పదహారు మంది పనిచేస్తున్నారు మరి, చప్పుడు రాదా?

నాలుగో రోజు అద్దాల గదిలోకి తొంగి చూసి ముఖం చిట్లించాడు. "ఏంటిది, మసక మసగ్గా ఉంది? ఏం చేశావు?"

"ఏం లేదు. చుక్కలు కొంచెం తగ్గించి చూశాను."

"తగ్గించడానికా అంత పెట్టి కొన్నది? నాలుగు వందల నంబరు పట్టిన చెక్క మీద మళ్లీ ఎనభై పెట్టి రుద్దినట్టుంది."

"సరే లెండి" అని మళ్లీ పెంచేసింది. స్క్రీను అద్దంలా మెరిసింది. మేస్త్రి తృప్తిగా తల ఊపి వెళ్లిపోయాడు. ఆ తర్వాత రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి ఆ నునుపుని చూసుకుని పోయేవాడు. ఆమె ముందుకి వంగి కూర్చోవడం చూశాడు. పనిలో లీనమైందనుకున్నాడు. పూటలో అయ్యే బొమ్మకి రోజు పట్టడం చూశాడు. శ్రద్ధ పెరిగిందనుకున్నాడు. మూడో వారంలో ఆమె కళ్ల డాక్టరు దగ్గరికెళ్లి అద్దాలు మార్పించుకుంది. నలభై ఎనిమిదేళ్లొచ్చాక ఎవరికైనా మామూలేగా అనుకున్నాడు.

వాళ్ల కార్ఖానాలో కోతకి ఒక పద్ధతి ఉంది. కోత మిషను పక్కన గోడకి నల్ల పలక ఉంటుంది. టేపక్క ల్యాప్‌టాప్ తెచ్చి అక్కడి బెంచీ మీద పెట్టుకుని, బొమ్మలో కొలతలు చూస్తూ సుద్దతో పలక మీద రాస్తుంది. కోతవాడు పలక చూసి కోస్తాడు. కాగితాలైతే చెక్కపొట్టులో కలిసిపోతాయి, పలకైతే ఎక్కడికీ పోదు. ఆ కోతవాడిని మౌనం అంటారు. రోజుకి ఒక వాక్యం, అదీ అవసరమైతేనే.

డాక్టరమ్మ అలమారాలకి తలుపులు బిగించే రోజొచ్చింది. మేస్త్రి మొదటి తలుపు పెట్టి చూశాడు. పక్కన మూడు వేళ్ల సందు. రెండోది పెట్టాడు, అంతే. వరసగా పద్నాలుగూ పెట్టి చూశాడు. పద్నాలుగూ వెడల్పు చాలలేదు. ఎక్కువైతే చెక్కేయొచ్చు, తక్కువైన చెక్కని ఏం చేసినా పెరగదు.

"ఏరా, కళ్లు ఎక్కడ పెట్టుకుని కోశావు? పద్నాలుగు తలుపులురా. ఒకటి కోశాక అయినా పెట్టి చూడాలని తెలీదా? ఎన్నేళ్లు నా దగ్గర పనిచేస్తే వస్తుంది నీకు బుద్ధి?"

మౌనం మిషను ఆపి, చేతులు దులుపుకుని, "పలక చూడు" అన్నాడు.

పలక మీద టేపక్క గుండ్రటి అంకెల్లో ఉంది. తలుపులు 14, ఎత్తు 720, వెడల్పు 538.

అరుపులు విని ఆమె గదిలోంచి వచ్చింది. పలక చూసింది. వెనక్కెళ్లి ల్యాప్‌టాప్ ముందు ముక్కు ఆనేంత వంగి చూసింది. తిరిగొచ్చి, "ఐదు వందల ఎనభై ఎనిమిది" అంది. "ఎనిమిదిని మూడనుకున్నాను."

కోతలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే వీధి చివరిదాకా వినిపించేలా అరిచే మేస్త్రి, చేతిలో తలుపుని మెల్లిగా గోడకి ఆనించాడు. "పోనీలే, అరలకి వాడుకోవచ్చు" అన్నాడు.

"తలుపు చెక్కలు అరలకి వాడతారా? నన్ను మభ్యపెట్టకండి." ఆమె ఏడవలేదు. అదే మేస్త్రిని భయపెట్టింది. "నా కళ్లు అయిపోయాయండీ. అద్దాలు మార్చినా అంతే. ఇవాళ పద్నాలుగు తలుపులు, రేపు వంటగది మొత్తం. మీ పేరు పోతుంది. బొమ్మలు బయట ఇచ్చుకోండి. నేను మళ్లీ కుట్టు మిషను తీస్తాను, ఇంట్లోనే ఉంటాను."

మెడలో టేపు తీసి పలక పక్కన మేకుకి తగిలించి ఇంటికెళ్లిపోయింది. మౌనం టేపుని చూశాడు, మేస్త్రిని చూశాడు, ఆ రోజు వాక్యం అయిపోయింది కాబట్టి ఊరుకున్నాడు.

మధ్యాహ్నం మేస్త్రి ఆమె కుర్చీలో కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడో అతనికే తెలియదు. ఆమె కూర్చున్నట్టే వీపు ఆనించి, చేతులు బల్ల మీద పెట్టి స్క్రీను కేసి చూశాడు. డాక్టరమ్మ బొమ్మ అలాగే తెరిచి ఉంది. నునుపుగా, ముద్దొచ్చేలా ఉంది. అంకెలు ఎక్కడున్నాయా అని వెతికాడు. గీతల మధ్య ఇసక చల్లినట్టు ఏదో ఉంది.

మేస్త్రి కళ్లకి పేరుంది. యాభై రెండేళ్లొచ్చినా అద్దాలు పెట్టని మనిషి. ఉక్కు స్కేలు మీద అర మిల్లీమీటరు గీతని చెయ్యి చాచి పట్టుకుని చదువుతాడు. అలాంటివాడు ముందుకి వంగాడు. ఇంకా వంగాడు. ఆమె ఎలా కూర్చునేదో సరిగ్గా అలా కూర్చున్నాక, ఒక అంకె ఐదులా కనిపించింది. దాని పక్కది ఎనిమిదో, మూడో, ఆరో.

పెన్సిలు కోసం సొరుగు లాగితే భూతద్దం దొరికింది. పాత గుడ్డ మడతలో చుట్టి, లోపలికంటా దాచి ఉంది. తను తొంగి చూసేటప్పుడల్లా సొరుగు మూసిన చప్పుడు ఎందుకొచ్చేదో అప్పుడు అర్థమైంది. కళ్లు బాగానే ఉన్నాయి. మనిషీ బాగానే ఉంది. ఇన్నాళ్లూ తను రోజుకి రెండుసార్లు వచ్చి మురిసిపోతుంటే, ఆ మురిపెం చెడగొట్టలేక ఆమె చీమ కాళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

వంటగది కట్టేటప్పుడు మేస్త్రి మొట్టమొదట చేసే పని, వండే మనిషిని పిలిచి గోడ దగ్గర నిలబెట్టడం. మోచేయి మడవమంటాడు. మోచేతికి బెత్తెడు కిందకి గోడ మీద పెన్సిలుతో గీత పెడతాడు. గట్టు ఎత్తు అదే. ఇంటాయన డబ్బిస్తాడని ఇంటాయన మోచేయి కొలవడు. డబ్బున్నవాళ్లు కదా అని ఎత్తుగా కట్టడు. ముప్పై ఏళ్లలో వండే మనిషిని నిలబెట్టకుండా ఒక్క గట్టు కట్టలేదు. అలాంటిది ఆమె కూర్చుని చూసుకోకుండా ఆమె స్క్రీను కొనేశాడు. పైగా రహస్యంగా.

ఇంక ఎవరికి ఫోన్ చెయ్యాలో అతనికి తెలుసు. ఫోను చేతిలో పట్టుకుని కార్ఖానా చుట్టూ రెండుసార్లు తిరిగాడు. విషం మింగడం ఇంతకన్నా తేలికేమో అనిపించింది. చివరికి చేశాడు.

"చెప్పు బావా" అన్నాడు కంపెనీ.

"ఒక సంగతి."

"చెప్పు."

"ల్యాప్‌టాప్ సంగతి."

"మూడు వేల ఎనిమిది వందల నలభైది కొన్నావా?"

"ఊఁ."

"పద్నాలుగు అంగుళాల్లో?"

"ఊఁ."

నవ్వుతాడని మేస్త్రి కాచుకుని ఉన్నాడు. నవ్వితే తిట్టడానికి ఆరేడు మాటలు సిద్ధంగా కూడా పెట్టుకున్నాడు. కంపెనీ నవ్వలేదు. గొంతు తగ్గించి, "బావా, ఇది అక్కకి చెప్పకు" అన్నాడు. "అది వద్దని నాకెలా తెలుసనుకున్నావు? మా కంపెనీలో నలభై కొన్నాను. సరిగ్గా అలాంటివే. పెద్ద నంబరు చూసి ఆగలేకపోయాను. లెక్కల విభాగంలో వాడేది పాత ప్రోగ్రాము. దాంట్లో అక్షరానికి ఇన్ని చుక్కలని లెక్క, చుక్క చిన్నదైతే అక్షరమూ చిన్నదే. అక్షరాలు పెంచితే గడులు స్క్రీను దాటిపోతాయి, చుక్కలు తగ్గిస్తే మసక. నలభై మంది మెడలు పట్టేశాయి. రెండు నెలలు నా పక్కన కూర్చుని ఒక్కరు భోంచేస్తే ఒట్టు."

మేస్త్రి ఆ మాటని నోట్లో వేసుకుని చప్పరించాడు. పద్నాలుగేళ్లలో బావమరిది నోటి నుంచి ఇంత తియ్యటి మాట వినలేదు.

"నలభయ్యా?"

"నలభై."

"నేను ఒక్కటే కొన్నాను."

"తెలుసులే. రేపు షాపు తెరిచేసరికి వస్తాను. అక్కని తీసుకురా."

తీసుకురావడం అంత సులువుగా జరగలేదు. టేపక్క అప్పటికే కుట్టు మిషను మీద గుడ్డ తీసి నూనె వేస్తోంది. మేస్త్రి గుమ్మంలోనే నిలబడి, "నీ కుర్చీలో కూర్చున్నాను. నాకూ కనిపించలేదు" అన్నాడు.

ఆమె నూనె సీసా కింద పెట్టింది. "మీకా?"

"నాకే. ఐదు ఒక్కటే తెలిసింది. ఎనిమిది తెలీలేదు." లోపలికి ఒక అడుగు వేసి, "భూతద్దం ఎక్కడ కొన్నావు?" అన్నాడు.

"స్టేషనరీ షాపులో."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాను. నాలుగో రోజున. మీరు గరుకు కాగితం కథ చెప్పారు."

మేస్త్రి గోడకేసి చూశాడు. గోడ ఏమీ సాయం చెయ్యలేదు.

"పోనీ తగ్గించి పెట్టుకుంటాను లెండి" అంది ఆమె. "అంత మనసుపడి తెచ్చారు. వెనక్కిస్తే సగానికి సగం పోతుంది."

"తగ్గిస్తే మసక. అంగుళాలు కూడా చాలవు. రోజంతా వంగితే నీ మెడ ఏమవ్వాలి? నేను మనసుపడింది దాని మీద కాదు."

ఇంతకంటే సూటిగా అతను ముప్పై ఏళ్ల కాపురంలో మాట్లాడలేదు. చెవులు ఎర్రబడ్డాయి. టేపక్క మిషను మీద గుడ్డ కప్పుతూ, "మరి దేని మీద?" అని అడిగింది, తెలిసి తెలిసీ.

"పొద్దున్నే షాపు తెరుస్తారు. పెందలాడే తయారవ్వు" అన్నాడు మేస్త్రి.

మర్నాడు దారిలో కార్ఖానా దగ్గర ఆగి, మేకు మీది టేపు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె మెడలో వేసుకుంది. మేస్త్రి ల్యాప్‌టాప్‌ని సంచీలో పెట్టి, పలక కూడా ఊడబీకి చంకలో పెట్టుకున్నాడు.

షాపు పెద్దాయన వీళ్లని చూసి కళ్లజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. కంపెనీ అప్పటికే అక్కడ ఉన్నాడు. ప్రోగ్రాముని, అక్క రాత్రి పంపిన డాక్టరమ్మ బొమ్మని మూడు యంత్రాల్లో ఎక్కించి ఉంచాడు.

"పలకెందుకు బావా?"

"నువ్వు ఊరికే ఉండు. కుర్చీ వెయ్యి మీ అక్కకి."

పద్ధతి మేస్త్రిదే. ఆమె వీపు ఆనించి కూర్చోవాలి, ముందుకి వంగకూడదు. కళ్లకీ స్క్రీనుకీ మధ్య దూరం ఆమె టేపుతోనే కొలిచి చూశాడు, ఇరవై నాలుగు అంగుళాలు. ఆమె కొలతలు చదువుతుంటే అతను పక్కన నిలబడి సుద్దతో రాస్తాడు. తర్వాత సరిచూస్తారు. షాపులోకి వచ్చినవాళ్లు కొనడం మానేసి వీళ్లని చూస్తూ నిలబడ్డారు.

మొదటిదాంట్లో ఇరవై కొలతలకి మూడు తప్పాయి. రెండోది పదహారు అంగుళాలు, రిజల్యూషన్ మామూలుది. ఆమె ఆగకుండా గడగడా చదివేసింది. ఇరవైకి ఇరవై. మూడోది పదిహేడు అంగుళాలది, అందులోనూ ఒక్కటీ తప్పలేదు గాని, చేత్తో ఎత్తి చూసి, "ఇది మోసుకుని మెట్లెక్కాలంటే మౌనాన్ని వెంట తిప్పుకోవాలి" అంది.

"రెండోదాంట్లో ప్రాసెసర్ ఏది?" అని మేస్త్రి అడిగాడు.

"ఎనిమిది కోర్లు. మధ్యరకం" అన్నాడు కంపెనీ, మాట బయటికొచ్చాక కాస్త బెదురుగా. "గ్రాఫిక్స్ నాలుగుది. ఇంకో సంగతి బావా, నీ పదహారు మందిలో పన్నెండు మంది ఊరికే కూర్చున్నారు. ఆ ప్రోగ్రాము అంతమందికి పని చెప్పలేదు."

"ఊరికే కూర్చునేవాళ్లు నాకు అలవాటే. తిప్పి చూపించు."

టేపక్క మౌసు కదిపింది. డాక్టరమ్మ గది చుట్టూ తిరిగింది. ఆగలేదు, హోరుమనలేదు. తలకిందులు చేసి, మళ్లీ నిలబెట్టి, అలమారా తలుపులు ఒక్కొక్కటే తెరిచి మూసింది. మేస్త్రి స్క్రీను చూడటం మానేసి ఆమె వీపుని చూస్తున్నాడు. కుర్చీకి ఆనుకునే ఉంది.

"ఇదే" అన్నాడు.

పెద్దాయన పాతదాన్ని అటూ ఇటూ తిప్పి, ఇరవై ఆరు రోజులు వాడింది కదండీ అని మొదలుపెట్టాడు. మామూలుగా అయితే మేస్త్రి పది నిమిషాలు గొడవపడేవాడు. ఈసారి ఆ పని కంపెనీ చేశాడు. మూడు వందల మంది తరఫున బేరమాడే నోరు కాబట్టి, లక్ష కూడా ఇవ్వనన్నవాడి చేత లక్షా తొమ్మిది వేలు అనిపించాడు. కొత్తది ఎనభై నాలుగు వేలు. మిగతాది లెక్కపెట్టి చేతిలో పెట్టారు. బయటికొచ్చాక మేస్త్రి జేబులో చెయ్యి పెట్టుకుని, "మీ ఇంట్లో బల్ల ఎలా ఉంది?" అని బావమరిదిని అడిగాడు.

"రాయిలా ఉంది. ఏం?"

"ఏం లేదు. ఒకసారి వచ్చి పాలిష్ పెడతాను" అన్నాడు. కంపెనీకి ఏం అర్థమైందో గాని, వీళ్ల సంచీ తనే పట్టుకుని ఆటో దాకా వచ్చాడు.

మూడు కొత్త చెక్కలు తెప్పించారు. టేపక్క బెంచీ దగ్గర నిలబడి, నిటారుగా నిలబడి, పలక మీద 588 అని రాసింది. మౌనం కోశాడు. తలుపులు పద్నాలుగూ ఫ్రేములో చప్పుడు లేకుండా కూర్చున్నాయి. ఆ సాయంత్రం మేస్త్రి అద్దాల గదిలోకి వెళ్లాడు. నునుపు చూడటానికి కాదు, ఊరికే. ఆమె ఇంకెవరిదో వంటగది గీస్తోంది. తల తిప్పకుండానే అడిగింది.

"అంతా కలిపి ఎంత పోయింది?"

"ఏం పోయింది? ఏం పోలేదు."

"మీరు లెక్క వేసుకోకుండా ఉండే మనిషి కాదు. చెప్పండి, నేనేం అననులే."

మేస్త్రి గుమ్మానికి ఆనుకుని, గోరుతో చెక్క అంచుని గీకాడు. "ల్యాప్‌టాప్ మారకంలో ముప్పై ఏడు వేల ఐదు వందలు. చెక్కలు మూడు, పదహారు వేల రెండు వందలు."

"వెరసి?"

కూడిక అతనికంటే ఆమెకే తొందరగా వస్తుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా అతని నోటి నుంచే వినాలని ఆమె మౌసు వదిలి, కుర్చీ తిప్పి కూర్చుంది.

"యాభై మూడు వేల ఏడు వందలు" అన్నాడు మేస్త్రి.